ఏడో నంబరు భవనం: ఉక్కు, దుమ్ము, చప్పుడు

2007లో నేనొక సంతకం పెట్టాను. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో కూలిన వరల్డ్ ట్రేడ్ సెంటర్ భవనాల మీద కొత్తగా, స్వతంత్రంగా విచారణ జరపాలని అమెరికన్ కాంగ్రెసును కోరుతూ కొందరు ఆర్కిటెక్టులూ ఇంజనీర్లూ తయారుచేసిన అర్జీ అది. అర్జీలో మాటలు మర్యాదగానే ఉన్నాయి. విచారణ కోరితే తప్పేముంది? కానీ ఆ మాటల వెనక నమ్మకం వేరు. విమానాలు కాదు, మంటలు కాదు, ముందుగానే లోపల పెట్టిన పేలుడు పదార్థాలే ఆ భవనాలను కూల్చాయని. నేనూ అదే నమ్మాను. కాకినాడలో సివిల్ ఇంజనీరింగు చదివి, అప్పటికి తొమ్మిదేళ్ళుగా న్యూజెర్సీలో ఉక్కు కట్టడాలకు డిజైన్లు చేస్తూ బతుకుతున్నవాణ్ణి. తెలియక నమ్మాను అనడానికి లేదు. తెలుసు అనుకోబట్టే నమ్మాను.

ఈ వ్యాసం ఆ సంతకం గురించి. అంతకన్నా ఎక్కువగా, ఆ రోజు మిగిల్చిన వస్తువుల గురించి. ఉక్కు ముక్కలు, దుమ్ము, వీడియోలు, కొందరు విన్న చప్పుళ్ళు. ఇవి ఏం చెప్తాయి, ఏం చెప్పవు, వాటి చేత మనం ఏమేం చెప్పించుకుంటాం అన్నదే నా గొడవ.

జరిగింది క్లుప్తంగా. ఉదయం 8:46కి ఉత్తర టవరును ఒక విమానం, 9:03కి దక్షిణ టవరును ఇంకొకటి ఢీకొన్నాయి. రెండోది ముందు కూలింది, 9:59కి. మొదటిది 10:28కి. 9:37కి వాషింగ్టన్ దగ్గర పెంటగన్ మీద మూడో విమానం పడింది. నాలుగోది 10:03కి పెన్సిల్వేనియాలో పొలంలో కూలింది. హైజాకర్లను మినహాయిస్తే మొత్తం 2,977 మంది పోయారు. ఇవన్నీ అందరికీ తెలిసినవే. చాలామందికి తెలియనిది ఆ సాయంత్రం 5:20కి జరిగింది. టవర్లకు ఉత్తరాన, వీధికి అవతల ఉన్న 47 అంతస్తుల ఏడో నంబరు భవనం కూడా కూలిపోయింది. దాన్ని ఏ విమానమూ తాకలేదు.

నేను పడిపోయింది అక్కడే. 2006లో, అప్పటికి నెట్టులో ఊరంతా తిరుగుతున్న ‘లూజ్ చేంజ్’ అనే సినిమా చూశాను. అందులో చాలా భాగం చూసి నవ్వుకున్నాను. ఏడో నంబరు భవనం కూలే దృశ్యం దగ్గర మాత్రం ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూశాను. నిట్టనిలువుగా, ఎటూ ఒరగకుండా, కింద నుంచి ఎవరో లాగినట్టు దిగిపోయింది. పాత భవనాలను కాంట్రాక్టర్లు పేలుడు మందు పెట్టి కూల్చే వీడియోలు పక్కన పెట్టి చూపిస్తే తేడా కనపడదు. పైగా ఆ భవనంలో అద్దెకున్న వాళ్ళెవరు? సీక్రెట్ సర్వీసు, సీఐఏ, స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ, నగరం తాలూకు అత్యవసర సేవల కేంద్రం. అనుమానం పుట్టడానికి ఇంతకన్నా మంచి చిరునామా ఉండదు.

అప్పటికి ప్రభుత్వం దగ్గర సమాధానం లేదు కూడా. 2002 మేలో ఫీమా పేరుతో వచ్చిన తొలి నివేదిక, ఏడో భవనం విషయంలో తమకు తోచిన ఊహలన్నిటిలోకీ మెరుగైనదానికి కూడా అవకాశం తక్కువేనని తానే ఒప్పుకుంది. తరవాత పని నిస్ట్ అనే ప్రభుత్వ ప్రమాణాల సంస్థకు అప్పజెప్పారు. వాళ్ళు టవర్ల మీద 2005లో నివేదిక ఇచ్చారు గానీ, ఏడో భవనానికి 2008 దాకా తీసుకున్నారు. ఏడేళ్ళు! అంత ఖాళీ వదిలితే అందులో ఎవరో ఒకరు ఏదో ఒకటి నాటకుండా ఉంటారా?

ముందు టవర్ల సంగతి చూద్దాం, అది తేలిక. విమాన ఇంధనం అంటే దాదాపు కిరసనాయిలే. అది మామూలుగా మండితే ఉక్కు కరగదు. ఉక్కు కరగాలంటే 1,500 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరికి పోవాలి. ఈ వాదన మీలో చాలామంది వినే ఉంటారు. అంకె నిజమే, ప్రశ్నే తప్పు. మా ఊళ్ళో కమ్మరి నాగలి కర్రు సాగగొట్టేటప్పుడు ఎప్పుడూ ఇనుమును కరిగించలేదు. కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తి దెబ్బకు లొంగేలా చేసుకునేవాడు. 600 డిగ్రీల దగ్గర కట్టడపు ఉక్కు బలం సుమారు సగానికి పడిపోతుంది. గదిలో కాగితాలు, బల్లలు, తివాచీలు మండితే గాలి వేడి 1,000 డిగ్రీల దాకా పోగలదు. విమాన ఇంధనం చేసింది ఒకేసారి చాలా అంతస్తుల్లో అగ్గి ముట్టించడం. అది కొద్ది నిమిషాల్లోనే అయిపోయింది, ఆ తరవాత మండింది ఆఫీసు సామానే. విమానం తాకిడికి ఉక్కు మీద పూసిన మంట నిరోధకపు పొర రాలిపోయింది. దీన్ని అర్థం చేసుకోవడానికి ఇంజనీరింగు డిగ్రీ కూడా అక్కర్లేదు, కమ్మరి కొలిమి దగ్గర కాసేపు కూచుంటే చాలు.

దీనికి కంటికి కనిపించే సాక్ష్యం ఉంది. ఉత్తర టవరు దక్షిణ ముఖం కూలడానికి కొన్ని నిమిషాల ముందే లోపలికి వంగిపోయి ఉండటం ఫొటోల్లో కొలవచ్చు. గరిష్ఠంగా 55 అంగుళాలు, అంటే నాలుగున్నర అడుగుల పైనే. పేలుడు మందు స్తంభాన్ని క్షణంలో తెంపుతుంది, అరగంట సేపు మెల్లగా వంచదు. వేడికి జారిపోయిన అంతస్తులు గోడను లోపలికి లాగుతూ ఉంటేనే అలా జరుగుతుంది. నేను మొదట వదులుకున్నది టవర్ల మీద అనుమానాన్నే, ఈ ఫొటోల వల్లే.

అయితే ఇక్కడొక ఇబ్బంది ఉంది, దాన్ని దాచడం నాకిష్టం లేదు. శిథిలాల నుంచి నిస్ట్ దగ్గరికి చేరిన ఉక్కు ముక్కలు 236. టవర్లలో వాడిన సుమారు 2 లక్షల టన్నులతో పోలిస్తే అది అర శాతం లోపే. రంగు పగుళ్ళను బట్టి ఉక్కు ఎంత వేడెక్కిందో చెప్పే పరీక్ష ఒకటుంది. బయటి గోడ పలకల మీద 170కి పైగా చోట్ల ఆ పరీక్ష చేస్తే, 250 డిగ్రీలు దాటిన గుర్తులు మూడు చోట్లే కనిపించాయి. ఆ మాట నిస్ట్ నివేదికలోనే ఉంది. ‘ఈ ముక్కలు మంటల్లో ఉన్న ఉక్కు మొత్తానికీ ప్రాతినిధ్యం వహించవు’ అని వాళ్ళు సర్దిచెప్పుకున్నారు. అది నిజమే, బాగా కాలిన ముక్కలు చాలావాటిని ఎవరూ పక్కకు తీయలేదు. కానీ ఒక ఇంజనీరుగా అడుగుతాను. ఎందుకు తీయలేదు?

ఎందుకంటే అమ్మేశారు. మనుషుల కోసం వెతుకుతున్నారు, దారులు ఖాళీ చేయాలి. నగరపాలక సంస్థ ఉక్కును న్యూజెర్సీ తుక్కు వ్యాపారులకు అమ్మింది. వాళ్ళు కోసి ఓడలెక్కించారు. కొంత చైనా పోయింది, కొంత మన చెన్నై రేవుకు వచ్చింది. 2002 మొదట్లో ఆ తుక్కులో విషపదార్థాలు ఉంటాయేమోనని అక్కడ పర్యావరణవాదులు గొడవ కూడా చేశారు. కొందరు ఇంజనీర్లు స్వచ్ఛందంగా తుక్కు యార్డులకు వెళ్ళి, గుట్టల మీదికెక్కి, పనికొచ్చే ముక్కల మీద రంగుతో గుర్తులు పెట్టి కాపాడారు. ఆ 236లో చాలావరకు వాళ్ళ చలవే. అగ్నిమాపక ఇంజనీరింగు పత్రిక సంపాదకుడు 2002 జనవరిలోనే ఈ అమ్మకాన్ని తిట్టిపోశాడు, మార్చిలో కాంగ్రెసు కమిటీ ముందు కూడా ఇదే గొడవ. కుట్ర సిద్ధాంతం వాళ్ళు ‘సాక్ష్యాన్ని మాయం చేశారు’ అంటే, ఆ ఒక్క ముక్కా పూర్తిగా అబద్ధం కాదు.

మా మేనమామ గుమ్మిడిపూండి వైపు రోలింగ్ మిల్లులకు పాత ఇనుము తోలేవాడు. చెన్నైకి ఆ ఉక్కు వచ్చిన సంగతి చెప్పి, ‘నువ్వు చూశావా మామయ్యా?’ అని ఒకసారి ఫోనులో అడిగాను. ఆయన నవ్వాడు. “ఓడలో వచ్చింది కోసి, కరిగించి, కమ్మీలు తీసేదాకా ఏదో ఒకటి చూస్తూనే ఉంటాంరా అల్లుడూ. దాని మీద ఊరి పేరు రాసుంటుందా?” అన్నాడు. నిస్ట్ కష్టం కూడా అదే. టవర్ల ఉక్కు మీద ఏ ముక్క ఎక్కడిదో తెలిపే అంకెలు కొట్టి ఉన్నాయి. ఏడో భవనం ఉక్కు మీద అలాంటి గుర్తులు లేవు. కుప్పలో కలిసిపోయాక అది ఏ భవనానిదో చెప్పే దారి లేకపోయింది. ఫలితంగా ఏడో భవనం మీద నిస్ట్ చేసిన పనిలో ఆ భవనపు ఉక్కు ఒక్క ముక్క కూడా లేదు. అంతా డ్రాయింగులు, వీడియోలు, కంప్యూటర్ లెక్కలు. హత్య కేసులో శవం లేకుండా పోస్టుమార్టం రిపోర్టు రాసినట్టు.

నిజానికి ఒక ముక్క ఉండేది. ఫీమా నివేదిక చివర ఒక అనుబంధంలో వూస్టర్ పాలిటెక్నిక్ పరిశోధకులు ముగ్గురు రెండు ముక్కలను పరీక్షించారు. ఒకటి ఏడో భవనానిది, ఒకటి టవర్లలో ఒకదానిది. రెండూ చెదలు తిన్నట్టు అంచులు పల్చబడి, చిల్లులు పడి ఉన్నాయి. గంధకం ఇనుములోకి చొరబడి, 1,000 డిగ్రీల ప్రాంతంలోనే కరిగే మిశ్రమాన్ని తయారుచేసిందని తేల్చారు. ఆ గంధకం ఎక్కడిదో ఇంకా లోతుగా చూడాలన్నారు. ఎవరూ చూడలేదు. పేలుడు వాదులు ఇది థర్మేట్ (అంటే గంధకం కలిపిన థర్మైట్) అంటారు. కూలిన కుప్ప డిసెంబరు దాకా, సుమారు వంద రోజులు, లోలోపల కాలుతూనే ఉంది. అందులో టన్నులకొద్దీ జిప్సం గోడపలకలున్నాయి, జిప్సంలో గంధకం ఉంటుంది. నాకు రెండో మాటే నమ్మబుద్ధి అవుతుంది. కానీ నమ్మబుద్ధి కావడం వేరు, రుజువు కావడం వేరు. ఈ ముడి విప్పకుండానే వదిలేశారు.

థర్మైట్ మాట వచ్చింది కాబట్టి దాన్నీ చూద్దాం. అదేమీ రహస్య మందు కాదు. తుప్పు, అల్యూమినియం పొడి కలిపి అంటిస్తే కరిగిన ఇనుము వస్తుంది. మన రైల్వే వాళ్ళు పట్టాలను అతకడానికి రోజూ వాడేదే. 2009 ఏప్రిల్లో డెన్మార్కు రసాయన శాస్త్రజ్ఞుడు నీల్స్ హారిట్, అమెరికన్ భౌతిక శాస్త్రజ్ఞుడు స్టీవెన్ జోన్స్, మరికొందరు కలిసి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. దిగువ మన్‌హాటన్‌లో మనుషులు దాచుకున్న నాలుగు దుమ్ము నమూనాల్లో ఒక పక్క ఎరుపు, ఒక పక్క బూడిద రంగు ఉన్న చిన్న చిన్న పెళ్ళలు దొరికాయట. వాటిలో ఇనుప ఆక్సైడు, అల్యూమినియం ఉన్నాయి, వేడి చేస్తే సుమారు 430 డిగ్రీల దగ్గర భగ్గుమన్నాయి. అందుచేత అది నానో థర్మైట్ అని తేల్చారు. ఆ పత్రం ప్రింటు తీసి రెండు రాత్రులు చదివాను. నా సంతకం సార్థకమైందని పొంగిపోయాను కూడా.

మూడోసారి చదివినప్పుడు ఒక అంకె దగ్గర ఆగాను. థర్మైట్ గ్రాముకు సిద్ధాంతపరంగా ఇవ్వగలిగిన గరిష్ఠ శక్తి 3.9 కిలోజౌళ్ళు. వాళ్ళ పెళ్ళల్లో ఒకటి 7.5 దాకా ఇచ్చింది. పిండగలిగినదానికన్నా ఎక్కువ పాలు పిండారన్నమాట! ఇంకేదో మండుతోంది. జిగురో, రంగులో ఉండే సేంద్రియ పదార్థమో. రచయితలు కూడా సేంద్రియ పదార్థం ఉందని ఒప్పుకున్నారు. మరైతే ఆ పరీక్షను గాలిలో ఎందుకు చేశారు? థర్మైట్‌కు గాలి అక్కర్లేదు, కావలసిన ఆక్సిజన్ తుప్పులోనే ఉంది. ఆర్గాన్ లాంటి జడవాయువులో వేడి చేసుంటే, రంగయితే చల్లగా ఊరుకునేది, థర్మైట్ అయితే మండేది. ఒక్క మధ్యాహ్నం పని. ఆ పత్రంలో ఆ పని చేయలేదు. ప్రచురించిన పత్రిక ప్రధాన సంపాదకురాలు, తనకు తెలియకుండానే వేశారని రాజీనామా చేసింది. 2012లో జేమ్స్ మిల్లెట్ అనే మరో దుమ్ము నిపుణుడు అలాంటి పెళ్ళలనే పరీక్షించి, అల్యూమినియం లోహరూపంలో లేదనీ, కయోలిన్ అనే బంకమట్టిలో భాగంగా ఉందనీ, తక్కినది ఎపాక్సీ జిగురూ ఇనుప ఆక్సైడూ అనీ రాశాడు. అంటే ఉక్కుకు తుప్పు పట్టకుండా పూసే ఎర్ర ప్రైమరు. నా పనిలో వారానికి రెండుసార్లు డ్రాయింగు మీద నేనే రాసే రంగు. ఎర్రగా ఉండి, ఇనుముకు అంటుకుని, పెళ్ళలుగా ఊడేది ఏమిటని నేను ఒక్కసారైనా నన్ను అడుక్కోలేదు.

పెంటగన్ సంగతి మీద ఎక్కువ సేపు నిలబడను. 2002లోనే ఫ్రాన్సులో తియరీ మేసాన్ అనే రచయిత, అక్కడ పడింది విమానమే కాదు అంటూ పుస్తకం రాశాడు. ‘అంత పెద్ద విమానానికి ఇంత చిన్న చిల్లా?’ అన్నది ప్రశ్న. ఆయన చూపిన ఫొటోల్లో కింది అంతస్తు నీళ్ళ, నురుగుల వెనక కనపడదు. అమెరికన్ సివిల్ ఇంజనీర్ల సంఘం 2003 నివేదిక ప్రకారం ఆ కింది అంతస్తులో దెబ్బతిన్న వెడల్పు సుమారు 90 అడుగులు. రోడ్డు పక్క ఐదు దీపస్తంభాలు విరిగి ఉన్నాయి, విమానం బ్లాక్ బాక్సు దొరికింది, ప్రయాణికుల అవశేషాలను డీఎన్ఏతో గుర్తించారు. ఇన్ని ఉండగా ఒక ఫొటో అంచు పట్టుకుని వేలాడటం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

తిరిగి ఏడో భవనానికి వద్దాం.

2008 నివేదిక చెప్పేది ఇది. 10:28కి ఉత్తర టవరు కూలినప్పుడు దాని ముక్కలు తగిలి ఏడో భవనంలో కనీసం పది అంతస్తుల్లో మంటలు మొదలయ్యాయి. ఆరు అంతస్తుల్లో అవి అదుపు తప్పాయి. నీటి గొట్టాలు పగిలిపోయాయి, కింది అంతస్తుల్లో నీళ్ళు చిమ్మే ఏర్పాటుకు సరఫరా లేదు. ఏడు గంటలు ఆర్పే దిక్కు లేకుండా మండాయి. వేడికి ఉక్కు దూలాలు సాగాయి. సాగిన దూలాలు 13వ అంతస్తులో ఒక గర్డరును దాని ఆసనం మీంచి పక్కకు నెట్టేశాయి. ఆ అంతస్తు పడి, కిందివాటిని పడేసి, 79వ నంబరు స్తంభానికి తొమ్మిది అంతస్తుల పొడవున పక్క ఆసరా లేకుండా పోయింది. అది వంగింది, మిగతావి వరసగా వెళ్ళిపోయాయి. ఇక్కడ ఉక్కు మెత్తబడటం కూడా అంత ముఖ్యం కాదు, సాగడమే దోషి. రైలు పట్టాల మధ్య సందు ఎందుకు వదిలేవారో తెలిసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

నివేదిక ముసాయిదా మీద 2008 ఆగస్టులో బహిరంగంగా ప్రశ్నలు అడగనిచ్చారు. డేవిడ్ చాండ్లర్ అనే హైస్కూలు ఫిజిక్సు మాస్టారు, వీడియో కొలిచి, భవనం కొంతసేపు పూర్తి స్వేచ్ఛాపతనంలో ఉందని చూపించాడు. నిస్ట్ ముసాయిదాలో ఆ మాట లేదు. 18 అంతస్తుల మేర దిగడానికి 5.4 సెకన్లు పట్టిందని, అడ్డులేకుండా పడితే 3.9 సెకన్లే పట్టేదని, కాబట్టి స్వేచ్ఛాపతనం కాదని రాశారు. నవంబరులో తుది నివేదిక వచ్చేసరికి దిద్దుకున్నారు. మధ్యలో 2.25 సెకన్ల పాటు, సుమారు ఎనిమిది అంతస్తుల మేర స్వేచ్ఛాపతనమే అని. ఒక బడి పంతులు ప్రభుత్వ సంస్థ లెక్క తప్పు పట్టుకున్నాడు. ఆ రోజు నేను ఆఫీసులో మిఠాయిలు పంచలేదంతే.

స్వేచ్ఛాపతనం అంటే కింద ఏ అడ్డూ లేదని. అడ్డు లేదంటే ఎవరో తీసేశారని మేమన్నాం. ఆ తరవాత ఎన్నిసార్లో చూసిన అదే వీడియోను, కత్తిరించని ప్రతి ఒకటి దొరికితే మళ్ళీ చూశాను. నాకు తెలిసిన వీడియోలు దాదాపు అన్నీ భవనం ముఖం దిగడం మొదలైన దగ్గర మొదలవుతాయి. పూర్తి ప్రతిలో దానికి సుమారు ఏడు సెకన్ల ముందే, పైకప్పు మీద తూర్పు వైపున్న గది కుంగి లోపలికి మాయమవుతుంది. అంటే లోపల తూర్పు భాగం అప్పటికే పోయింది. లోపలిదంతా ముందు పోయి, బయట మిగిలిన డొల్ల ఒక్కసారిగా వంగితే, ఆ డొల్ల రెండు సెకన్ల పాటు అడ్డులేకుండా పడటం అసాధ్యం కాదు. 79వ స్తంభాన్ని తెంపడానికి కావలసిన కనీస మందు పేలినా, అర మైలు దూరంలో 130 డెసిబెళ్ళ పైన చప్పుడు రావాలని నిస్ట్ లెక్క. చుట్టూ ఎన్నో కెమెరాలు, మైకులు తిరుగుతున్నాయి. ఆ ఏడు సెకన్లలో అలాంటి చప్పుడు ఏ రికార్డులోనూ లేదు.

ఆ ఏడు సెకన్లు కత్తిరించింది ఎవరో నాకు తెలియదు. వాటిని వెతకనిది మాత్రం నేను.

‘మంటకు కూలిన ఉక్కు ఆకాశహర్మ్యం చరిత్రలో ఒక్కటీ లేదు’ అనేది మా పెద్ద అస్త్రం. 1991లో ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా పద్ధెనిమిది గంటల పైన కాలినా నిలబడింది, నిజమే. 2005లో మాడ్రిడ్ విండ్సర్ టవరులో ఉక్కుతో కట్టిన పై భాగాలు రాలిపోయి, కాంక్రీటు నడిమిభాగం మిగిలింది. ఇది మాత్రం మేము సగమే చెప్పేవాళ్ళం. 2017 జనవరిలో టెహరాన్‌లో ప్లాస్కో భవనం, పదిహేడు అంతస్తుల ఉక్కు కట్టడం, మంటల్లో నిట్టనిలువునా కూలి అగ్నిమాపక సిబ్బందిని పొట్టన పెట్టుకుంది. దాన్ని కూడా పేల్చేశారు అన్నవాళ్ళున్నారు. అప్పటికి నేను ఆ గుంపు నుంచి బయటికొచ్చేశాను.

నిస్ట్‌కు నేను పూర్తి మార్కులు వేయను. ఆ గర్డరు ఆసనం వెడల్పు ముందు 11 అంగుళాలని రాసి, తరవాత 12 అని సవరించుకున్నారు. కంప్యూటర్ నమూనాలోని కొంత సమాచారాన్ని ప్రజల భద్రతకు ముప్పని చెప్పి 2009లో బయటపెట్టలేదు. అది తప్పని ఇప్పటికీ అంటాను. 2020లో అలాస్కా విశ్వవిద్యాలయం నుంచి లెరోయ్ హల్సీ నివేదిక వచ్చింది, మంటలు కారణం కాదని. దానికి డబ్బిచ్చింది నేను సంతకం చేసిన అర్జీ తాలూకు సంస్థే. స్తంభాలన్నీ దాదాపు ఒకేసారి పోయాయని అది చెప్తుంది గానీ, తూర్పు గది ఏడు సెకన్ల ముందే ఎందుకు కుంగిందో నన్ను ఒప్పించేలా చెప్పదు.

నన్ను చివరకు తిప్పింది ప్రభుత్వ నివేదిక కాదు, ఒక బీమా దావా. ఏడో భవనం కింద ఒక విద్యుత్ సబ్‌స్టేషన్ ఉండేది. దాన్ని పోగొట్టుకున్న కంపెనీ, దాని బీమాదారులూ కలిసి భవన యజమాని మీద కోర్టుకెక్కారు. 2013 దాకా నడిచింది. రెండు పక్షాలూ ఖరీదైన ఇంజనీర్లను పెట్టుకుని, నిస్ట్‌తో సంబంధం లేకుండా వేరే లెక్కలు వేయించారు. కూలిన క్రమం దగ్గర తగాదా పడ్డారు గానీ, మంటే కారణమన్న దగ్గర తగాదా లేదు. యజమానే పేల్చాడని చూపించగలిగితే కోట్ల డాలర్లు చేతికొచ్చే పక్షం, ఆ మాట ఎత్తనే లేదు.

ఇదంతా చదివి, ప్రభుత్వం చెప్పిందల్లా నమ్మమంటున్నానని అనుకోకండి. ఆ దాడి చుట్టూ నిజమైన దాపరికాలున్నాయి. అవి ఉక్కులో లేవు, కాగితాల్లో ఉన్నాయి. హైజాకర్లలో ఇద్దరు దేశంలోకి వచ్చారని తెలిసీ సీఐఏ ఎఫ్‌బీఐకి వేళకు చెప్పలేదు. సౌదీ సంబంధాల మీద కాంగ్రెసు విచారణలో రాసిన 28 పేజీలను 2016 జులై దాకా మూసిపెట్టారు. సెప్టెంబరు 18న పర్యావరణ సంస్థ, న్యూయార్కు గాలి పీల్చడానికి సురక్షితమే అంది. ఆ ప్రకటనలను వైట్‌హౌస్ మార్పించిందని ఆ సంస్థ సొంత తనిఖీ అధికారి నివేదికే 2003లో చెప్పింది. ఆ రోజు 343 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఆ దుమ్ము పీల్చి తరవాత రోగాలతో పోయినవాళ్ళ సంఖ్య 2023 సెప్టెంబరుకు సరిగ్గా 343కి చేరింది. మేము దుమ్ములో థర్మైట్ వెతుకుతున్న ఏళ్ళలో, ఆ దుమ్మే వాళ్ళను చంపుతోంది. దాని మీద ఏ అర్జీ మీదా నేను సంతకం పెట్టలేదు.

చివరగా చప్పుళ్ళ సంగతి. 2005లో కోర్టు తీర్పు తరవాత, అగ్నిమాపక శాఖ నమోదు చేసిన 503 మంది వాంగ్మూలాలు బయటికొచ్చాయి. గ్రేమ్ మక్వీన్ అనే ఆచార్యుడు వాటిని చదివి, 118 మంది పేలుళ్ళ లాంటివి చూశామనో విన్నామనో చెప్పారని లెక్కగట్టాడు. నేను ఆ లెక్కకు ఒకరిని కలిపాను.

కాకినాడ హాస్టల్లో నా రూమ్మేటు ఒకడు ఆ ఉదయం ఉత్తర టవరు 27వ అంతస్తులో ఉన్నాడు. కాంట్రాక్టు మీద ప్రోగ్రామింగు చేసేవాడు. మెట్లు దిగి బతికి బయటపడ్డాడు. ఆ రోజు గురించి ఎప్పుడూ మాట్లాడేవాడు కాదు. 2007లో ఉగాదికి వాళ్ళింటికి భోజనానికి పిలిచాడు. నేను పులిహోర పళ్ళెం పట్టుకునే, “బావా, నువ్వు పేలుళ్ళు విన్నావా?” అని అడిగాను. వాడు కాసేపు ఆగి, “విన్నాను” అన్నాడు. “ఎన్ని?” అన్నాను. “చాలా. ఆగకుండా” అన్నాడు. ఇంటికొచ్చి నా ఫైల్లో రాసుకున్నాను: ‘27వ అంతస్తు, ప్రత్యక్ష సాక్షి, వరసగా అనేక పేలుళ్ళు.’ ఆ మాట నలుగురికీ చెప్పాను, మెయిళ్ళలో పెట్టాను. తిరిగి తిరిగి వాడి దాకా చేరింది. ఆ తరవాత పన్నెండేళ్ళు వాడు నా ఫోను ఎత్తలేదు.

2019లో హైదరాబాదులో వాళ్ళ అమ్మాయి పెళ్ళికి పిలుపు వచ్చింది. వాళ్ళావిడ పంపిందనుకుంటా. వెళ్ళాను. భోజనాలయ్యాక వాడే వచ్చి పక్కన కూచున్నాడు. టవర్ల మీద నేను మనసు మార్చుకున్నానని వాడికి చెప్పాలని దారి పొడవునా మాటలు కూర్చుకుని వెళ్ళాను. వాడు వాటి అవసరం లేకుండా చేశాడు.

“మెట్లు దిగి మెజనైన్ దగ్గరికి వచ్చాం. బయట ప్లాజాలోకి పోనివ్వట్లేదు, అద్దాల వైపు చూడకండి, చూడకండి అని పోలీసులు అరుస్తున్నారు. అప్పుడు విన్నాను. నువ్వడిగింది విన్నావా అనేగా. ఏం పడుతున్నాయి అని అడగలేదుగా” అన్నాడు.

నేనేమీ అనలేదు.

“మనుషుల్రా” అన్నాడు.

న్యూజెర్సీ తిరిగొచ్చాక అటక మీంచి ఆ ఫైలు దించాను. అర్జీ నుంచి నా పేరు తీసేయమని ఉత్తరం రాయడం తేలికగానే అయిపోయింది. ఆ పేజీ దగ్గర మాత్రం చాలాసేపు కూచున్నాను. ‘పేలుళ్ళు’ అన్న మాట కొట్టేశాను. దాని మీద ఏం రాయాలో తోచక, ‘చప్పుళ్ళు’ అని రాసి, తారీఖు వేసి, మూసేశాను.